ఎవరైనా ఊరడిగితే

మా మనవరాలు వచ్చే సోమవారం ఢిల్లీ పోతోంది. ఆఫీసు వాళ్ళే పంపుతున్నారు, మూడు నెలలు ట్రైనింగట. నిన్న మధ్యాహ్నం మంచం నిండా బట్టలు పరిచి, వాటి మధ్య తను కూర్చుని ఫోనులో ఏదో చదువుతోంది. తెలియని ఊరికి పోయేవాళ్ళు ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో ఎవరో పెద్ద పట్టీ రాసి పెట్టారట. నేను పక్కన చేరి చున్నీలు మడతపెడుతూ వింటున్నాను.

"చీకటి పడినంక ఒక్కతే తిరగొద్దు. ఎవరన్నా తినేకిస్తే తినొద్దు. ఆటో ఎక్కితే నంబరు ఫోటో తీసి ఇంటికి పంపాల."

"ఇవన్నీ మా అవ్వ ఎప్పుడో చెప్పిందిలే" అన్నాను.

"మీ అవ్వ కాలంలో ఆటో యాడిది అజ్జీ!" అని నవ్వి, తరువాతది చదివింది. "కొత్తోళ్ళు అడిగితే మీది ఏ ఊరో, యాడ దిగినారో చెప్పొద్దు. అజ్జీ, నువ్వు దీంట్లో ఫెయిలు."

నిజమే, ఫెయిలే. ఈ చింతామణిలో ఆటో ఎక్కి ఇంకా సరిగ్గా కూర్చోకముందే నేను మొదలుపెడతాను. పుట్టింది బాగేపల్లి పక్కన మిట్టేమరి, ఇప్పుడుండేది ఫలానా వీధి, నల్ల గేటు ఇల్లు, గేటు ముందర కానుగ చెట్టు. ఆటోవాడు అడగనే అడగడు. మా ఇంట్లో పిల్లలు, అజ్జి ఆధార్ కార్డు నోట్లోనే పెట్టుకుని తిరుగుతుందని ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. నాకు కోపం రాదు.

కానీ నిన్న ఆ మాట వినేసరికి చేతిలోని చున్నీ మడత పడలేదు. పొయ్యి మీద పాలున్నాయని అబద్ధం చెప్పి వంటింట్లోకి వచ్చి నిలబడ్డాను. పాలూ లేవు, పొయ్యీ వెలగలేదు. నాకొక చెల్లెలు ఉండేదని మా మనవరాలికి తెలుసు. చిన్నప్పుడే పోయిందని మాత్రం తెలుసు. పోయిందంటే చచ్చిపోయిందని అనుకుంటుంది. నేను దిద్దలేదు.

అది అనపకాయల కాలం. మా వైపు చలి పడిందంటే ఊరంతా అనపకాయ వాసనే. చేతులకీ బట్టలకీ, ఆఖరికి పలక పట్టుకున్నా ఆ పచ్చివాసన. సాయంత్రానికి కాయలు వలిచి గింజలు నీళ్ళలో నానేసేవాళ్ళు. తెల్లారి పిల్లలమంతా గిన్నె చుట్టూ కూర్చుని పితికేవాళ్ళం. గింజను బొటనవేలితో నొక్కితే పైతోలు చేతిలో ఉండిపోయి పప్పు చటుక్కున ఎగిరిపడుతుంది. ఎవరి పప్పు ఎంత దూరం పడుతుందో అని పందెం. నేను గురిచూసి మా చెల్లెలి ముక్కుకి కొట్టేదాన్ని. అది ఏడవదు. నేల మీద పడిన పప్పు ఏరి, ఊది, నోట్లో వేసుకునేది. అమ్మ పితికిన పప్పుకూర వండి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పోస్తే, ఆరేళ్ళ పిల్ల, పెద్దవాళ్ళ ముద్దంత తినేది.

ఆ ఏడే మా అవ్వకి కండ్లలో పొర వచ్చింది. మా నాయన వాళ్ళమ్మ ఆమె. మనిషి నీడ తెలుస్తుంది, ముఖం తెలియదు. బెంగళూరు పెద్దాస్పత్రిలో పొర తీస్తారని ఎవరో చెప్పారు. మా నాయన సేద్యగాడు, బాగేపల్లి సంత దాటి పోవడమే తక్కువ. అయినా తల్లి కండ్లు కదా, పోదామన్నాడు. అవ్వని చెయ్యి పట్టి నడిపించడానికి నేను. నాకప్పుడు పదేళ్ళు. ఇంక చిన్నది ఊరుకుంటుందా? నేనూ వస్తానని పెరట్లో బురదలో పొర్లింది. అమ్మ చేతిలో చంటిబిడ్డ, దీన్ని పట్టుకునే ఓపిక ఆమెకు లేదు. "నాయనా, దాన్ని నేను చూసుకుంటా, ఒక చేత్తో అవ్వ, ఒక చేత్తో ఇది" అని పెద్ద ఆరిందాలాగా పూచీ పడింది నేనే. అయ్యో, నా నోట్లో మన్ను పడ!

మా ఇంట్లో బెంగళూరు చూసిన ఒకే ఒక మనిషి అవ్వ. కొత్తకోడలుగా ఉన్నప్పుడు వాళ్ళ మామతో పోయిందట. గుంపులో ఎవడో ఆమె వెండి వడ్డాణం కోసుకుని పోయాడట, నడుముకి కత్తి గీసుకున్నా తెలియలేదట. ఆ మచ్చ మాకు చూపించేది. కీడెంచి మేలెంచాలనేది ఆమె సిద్ధాంతం. కాబట్టి ప్రయాణానికి పది దినాల ముందునుంచీ పప్పు పితికే గిన్నె దగ్గర మాకు పాఠాలు మొదలైనాయి.

"బెంగళూరంటే ఏమనుకున్నారే? ఆడ నిలబడుకున్నోళ్ళ నీడ గూడా కోసుకోని పోతారు. ఎవురేమిచ్చినా నోట్లో పెట్టుకోగూడదు, మత్తు పెడతారు. చెయ్యి ఇడిసిపెట్టగూడదు. ఇడిసిపెట్టి తప్పిపోతిరా, యాడ తప్పిపోతిరో ఆడికే వచ్చి నిలబడుకోవాల."

"సరేవ్వా."

"ఇంగొకటి. ఎవురన్నా ఊరడిగితే మన ఊరు చెప్పగూడదు. నాయన పేరూ చెప్పగూడదు."

"యాలవ్వా?"

"ఊరు చెప్తివనుకో, 'నేనూ ఆ ఊరోడినే, మీ నాయన నన్నే పంపిచ్చినాడు రా పాపా' అంటాడు. నువ్వు ఎనకాలే పోతావు. అంతే, అయిపాయె."

"మళ్ళా ఏం చెప్పాల?"

"బాగేపల్లి అని చెప్పండి, సాలు. పెద్దూరు. ఆ ఊర్లో ఎవురి బిడ్డలో వానికేం తెలుస్తాది?"

అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. బాగేపల్లి అని చెప్పి ఉంటే చిన్నదాన్ని ఎవరో ఒకరు బాగేపల్లిలో దింపేవాళ్ళు, అక్కడ మా నాయనను ఎరగని అంగడి లేదు. కానీ నాకు అతి తెలివి కదా! నాలుగో తరగతిలో మేష్ట్రు నన్నే లీడరు చేశాడు. బాగేపల్లి మనకు మరీ దగ్గర, దొంగలు కనిపెట్టేస్తారు, ఇంకా దూరపు ఊరు చెప్పాలని నేను నిర్ణయించాను. దూరపు ఊర్లు నాకెన్ని తెలుసు గనక? సంవత్సరానికొకసారి మా ఊరికి గాజులమ్మే ఆమె వచ్చేది. ఆమెది చింతామణి అవతల కెంచార్లహళ్ళి. ఆ పేరుకి నోరు తిరగదు. అందుకే నాకు నచ్చింది.

చెల్లెలికి అస్సలు తిరగలేదు. కెంచాలల్లి అనేది. కెంచాహాళీ అనేది. అటక మీది కుండలోంచి బెల్లం ముక్క దొంగిలించి, సరిగ్గా చెబితేనే అన్నాను. అవ్వ కంబళి నెత్తిన కప్పుకుని, గొంతు బొంగురు చేసి, దొంగలాగా కన్నడంలో అడిగేదాన్ని. "ఏయ్ మగు! యావూరు నిందు?" అంటే, ఏ ఊరు పాపా నీది అని. అది పకపకా నవ్వి "మిట్టేమ..." అనేలోపల తొడపాశం పెట్టేదాన్ని. మళ్ళీ కంబళి, మళ్ళీ బొంగురు గొంతు. గడ్డివామి వెనక, బావి దగ్గర, పడుకోబోయేటప్పుడు కూడా. బయలుదేరే ముందుదినానికి, నిద్రలో లేపి అడిగినా, పిల్ల గంట కొట్టినట్టు చెప్పింది. కెంచార్లహళ్ళి. ఒక్క అక్షరం పోలేదు. నేను మురిసిపోయి రెండు బెల్లం ముక్కలు ఇచ్చాను.

అవ్వకి ఈ సంగతి తెలియదు. మాకు అదొక రహస్యమైన ఆట.

తెల్లవారి బాగేపల్లిలో బస్సెక్కాము. మంచు ఇంకా విడలేదు. అమ్మ రొట్టెలూ శనక్కాయల చట్నీపొడీ మూట కట్టి ఇచ్చింది. చెల్లెలికి పచ్చ లంగా, రెండు జడలు, కనకాంబరాలు. చిక్కబళ్ళాపురం దాకా నా ఒడిలో గంతులు వేసింది, అక్కడ డీజిలు వాసనకి వాంతి చేసుకుంది, తరువాత నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని నందికొండ దాటేదాకా నిద్రపోయింది. మధ్యలో ఒకసారి లేచి నా చెవిలో కెంచార్లహళ్ళి అని చెప్పి, నవ్వి, మళ్ళీ పడుకుంది.

బెంగళూరు బస్టాండు సంగతి ఏం చెప్పేది? అన్ని కాళ్ళు ఒకేచోట నేను అంతకుముందు చూడలేదు. మా నాయన ఒక లావుపాటి స్తంభం దగ్గర మమ్మల్ని నిలబెట్టి, ఆస్పత్రికి పోయే సిటీబస్సు ఎక్కడ ఆగుతుందో అడిగొస్తానని పోయాడు. ఆయన అటు పోయాడో లేదో అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మణ్ణీ, నాకి అర్జెంటుగా ఉండాదే. ఇంగ ఆగలేను."

పాపం, ముసలిమనిషి, అంతసేపు బస్సులో. పాయిఖానా ఇరవై అడుగుల దూరంలోనే కనిపిస్తోంది. ముగ్గురం పోదామంటే మూటలు ఎవరు చూస్తారు? నేను చెల్లెలిని స్తంభం వాటేసుకోమని నిలబెట్టాను. "కదిలితివా, చంపుతా" అన్నాను. అది రెండు చేతులతో స్తంభాన్ని పట్టుకుని, చెంప ఆనించి, తల ఊపింది. అవ్వని తీసుకుపోయి తీసుకొచ్చాను. మూటలు ఉన్నాయి. స్తంభం ఉంది.

ఎందుకు కదిలిందో ఈనాటికీ తెలియదు. అమ్మ చీర లాంటి చీర ఏదైనా కనబడిందా, ఎవరైనా తోసుకుంటూ పోయారా, నాయన వెనక పరుగెత్తిందా. తెలియదు.

మా నాయన తిరిగొచ్చి, విషయం విని, అవ్వని స్తంభం దగ్గర కూర్చోబెట్టి, నా రెక్క పట్టుకుని, అంగడి అంగడికీ తిరగడం మొదలుపెట్టాడు. ఆయన కన్నడం అంతంతమాత్రం. "బాగేపల్లి పాప, ఆరు వరుష, పచ్చ లంగా" అని అడుగుతూ, చెయ్యి నడుము ఎత్తులో పెట్టి చూపిస్తూ. పోలీసులకి చెప్పాము. వాళ్ళు రాసుకున్నారు, మైకులో చెప్పించారు. బాగేపల్లి పాప, బాగేపల్లి పాప అని బస్టాండంతా మోగింది.

మధ్యాహ్నం దాటినాక బస్టాండు అవతలి కొసకి పోయాము. చింతామణి, కోలారు వైపు బస్సులు ఆగే చోటు. అక్కడ దువ్వెనలు, చిన్న అద్దాలు అమ్మే ముసలాయన ఒకడు తెలుగువాడే దొరికాడు. మా నాయన ప్రాణం లేచొచ్చింది.

"అప్పా, బాగేపల్లి పాపప్పా, తప్పిపోయిండాది..."

"మైకులో ఇంటినప్పా. బాగేపల్లి పాపను నేను చూడలే. పొద్దున ఒక పాప ఏడుస్తా ఉండె గానీ, అది కెంచార్లహళ్ళి పాప. అడిగితే టక్కున చెప్పె. వాళ్ళోళ్ళు బస్సెక్కి ముందరపోయినారేమోనని, ఆ పక్క పొయ్యే బస్సులోనే కూర్చోబెట్టి కండక్టరుకి అప్పజెప్తిని. మీ పాప కాదులే."

ఆయన మాట పూర్తి కాకముందే, మీ పాప కాదన్నది వినగానే, మా నాయన పక్క అంగడికి పరుగెత్తాడు. నా రెక్క ఆయన చేతిలోనే ఉంది. నేనూ పరుగెత్తాను.

నాకు అర్థమైంది. ఆ క్షణంలోనే అర్థమైంది. పదేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుందిలే అని మీరు నన్ను వెనకేసుకుని రావద్దు. నాయనా, అది మన పాపే, ఆ ఊరు నేనే నేర్పినాను అని చెప్పడానికి ఒక్క గుక్క చాలు. నేను చెప్పలేదు. మా నాయన చెయ్యి నా మీద ఎప్పుడూ లేవలేదు, ఆ దినం లేస్తుందని భయపడ్డాను. దెబ్బలకి భయపడ్డాను, అంతే. ఇంకేమీ లేదు. నాలో నేను ఒక కథ కూడా చెప్పుకున్నాను, గాజులామె ఊరే కదా, ఆమె చూసి ఇంటికి తీసుకొస్తుంది, మేము పోయేసరికి చిన్నది అమ్మ ఒడిలో ఉంటుంది అని. ఆ కథ పట్టుకుని ఆ రాత్రంతా స్తంభానికి ఆనుకుని, అవ్వ కంబళిలో, నిద్రపోయాను కూడా. సిగ్గు లేకుండా నిద్రపోయాను.

మరుసటిదినం పొద్దున మా నాయన టీ తెచ్చి అవ్వకిచ్చాడు. ఆమె తాగలేదు. "బిడ్డ నోరు ఎండిపొయ్యింటాది" అని గ్లాసు పక్కన పెట్టింది. అప్పుడు నేను ఆగలేకపోయాను. అవ్వ చెవిలో మొత్తం చెప్పేశాను, బెల్లం సంగతి, కంబళి సంగతి, దువ్వెనలాయన చెప్పింది.

అవ్వ నా మూతి మీద అరచెయ్యి గట్టిగా పెట్టి, కొడుకుని కేకేసింది.

"ఒరే నాయనా, ఆ కెంచార్లహళ్ళి పాప మన పాపేరా. ఊరడిగితే ఆ పేరు చెప్పమని నేర్పిచ్చింది నేనే. ముసిలిదాన్ని, మతికి రాలేదు. పో, పరిగెత్తు."

మా నాయన ఆమెను చూసిన చూపు నేను చూశాను. ఆమెకు కండ్లు కనబడవు కాబట్టి ఆమె చూడలేదు.

"మేమీడనే కూసుంటాము, నువ్వు పోరా" అంది అవ్వ.

"కండ్లు కనపడని నువ్వు, ఈ పసిబిడ్డ, ఈ ఊర్లోనా? ఒకదాన్ని పోగొట్టుకున్నా, సాలదా?" అని మా ఇద్దరినీ బాగేపల్లి బస్సులో కూర్చోబెట్టి, కండక్టరుకి పదిసార్లు చెప్పి, ఆయన చింతామణి బస్సెక్కాడు. జాగ్రత్త కోసమే ఆ పని చేశాడు. ఎవరైనా అదే చేస్తారు.

నాలుగో దినం ఒక్కడే ఇంటికి వచ్చాడు. వాకిట్లో నిలబడి అమ్మతో చెప్పాడు. చిన్నది ఆ ఊర్లోనే దిగిందట. పూలమ్మే ఆమె ఒకతి రాత్రి ఇంట్లో పడుకోబెట్టుకుందట. ఆయన పోయేసరికి లేదు, తెల్లవారే బెంగళూరు బస్సు ఎక్కిందని ఎవరో చూశారట. ఆయన వెనక్కి బస్టాండుకి పరుగెత్తాడు. రెండుదినాలు వెతికాడు. ఇప్పుడు గుడ్డలు మార్చుకుని మళ్ళీ పోవడానికి వచ్చాడు.

అట్లా ఎన్నిసార్లు పోయాడో లెక్కలేదు. ముందు వారానికొకసారి, తరువాత నెలకి, తరువాత పంటలు ఎత్తినాక. అమ్మ మురుగమల్ల దర్గాకి పోయి మొక్కుకుని వచ్చేది. ఏడాదికొకసారి ఆ గాజులామె మా వాకిట్లోకి వస్తే, అమ్మ ఆమె బుట్ట ముందు కూర్చుని, "మీ ఊరి పక్క యాడన్నా కనపడిందామ్మా?" అని అడిగేది. ఆమె తల అడ్డంగా ఊపేది. అయినా అమ్మ ఒక జత గాజులు తీసుకునేది. ప్రతి ఏడూ కొంచెం పెద్ద సైజు. పిల్ల చెయ్యి ఇప్పుడింత అయ్యుంటుంది అని తన వేళ్ళు గుండ్రంగా కలిపి చూపించేది. ఆ గాజులు నన్ను తొడుక్కోనివ్వలేదు.

అవ్వ కండ్ల ఆపరేషను మాట ఇంక మా ఇంట్లో ఎత్తలేదు. మా నాయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమె ఎదురుగా కూర్చుని ఉండగానే, "ఆయమ్మకి సంగటి పెట్టు" అని అమ్మతో చెప్పేవాడు. అవ్వ ఆ మాటకి ముద్ద మింగలేక నీళ్ళు తాగేది. ఒకసారి నేను ఆమె మంచం దగ్గర కూర్చుని, నాయనకి నిజం చెప్పేస్తానన్నాను.

"గమ్మునుండే" అంది. "నాకేముండాది, రేపో ఎల్లుండో. నువ్వు బతకాల్సిందానివి. వాడు నాతోనే గదా మాట్లాడంది, నీతో మాట్లాడకుంటే ఎట్ల?"

నేను గమ్మునున్నాను. రెండేళ్ళకి ఆమె పోయింది. పాడె మోసేటప్పుడు మా నాయన ఏడవలేదు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నోరు మూసుకోవడం ఒకసారి అలవాటైతే, తెరవడానికి ఎప్పటికప్పుడు ఏదో ఒక సాకు దొరుకుతుంది.

పెళ్ళయి ఈ చింతామణికి వచ్చాను. ఎక్కడెక్కడో సంబంధాలు చూసి చివరికి ఇక్కడే కుదిరింది, నా తలరాత. మా వీధి కొసన నిలబడితే కెంచార్లహళ్ళి బోర్డు పెట్టుకున్న బస్సు రోజూ పోతుంది. ఇంట్లో ఏ పని మీద ఉన్నా ఆ హారను నాకు తెలుస్తుంది. బస్సు పోతుంటే నా కండ్లు కిటికీల్లో కింది అంచు దగ్గర వెతుకుతాయి, ఆరేళ్ళ పిల్ల తల వచ్చే ఎత్తులో. ఇప్పుడు ఉంటే దానికీ నెరిసిన జుట్టే ఉంటుంది కదా అని బుద్ధి చెబుతుంది. కండ్లు వినవు. గుంపులో వెనక ఎవరైనా పిల్ల 'అక్కా' అని పిలిస్తే, పిలిచేది వాళ్ళ సొంత అక్కనేనని తెలిసినా, తిరిగి చూడకుండా ఒక్క అడుగు వేయలేను. చూసిన ప్రతిసారీ వేరే ఎవరి పిల్లో.

పెళ్ళయిన ఇరవై ఏళ్ళ దాకా ఆ బస్సు ఎక్కడానికి ధైర్యం చాలలేదు. మా నాయన పోయి, ఆయన దినాలు అయిన మరుసటి వారం, కూరగాయలకని చెప్పి సంచీ పట్టుకుని బయలుదేరి ఆ బస్సెక్కేశాను. గంట ప్రయాణం కూడా కాదు. బీన్సు తోటలూ టమాటా తోటలూ దాటుకుంటూ పోయి, దిగి, పూలమ్మే ఆమె గురించి అడిగితే, ఒక వయసు మళ్ళిన ఆమె ఇల్లు చూపించారు. అరుగు మీద కూర్చుని కనకాంబరాలు కడుతోంది. ఫలానా పిల్ల అని నేను మొదలుపెట్టగానే చేతిలోని దారం ఆగిపోయింది.

"నువ్వేం కావాలమ్మా ఆ బిడ్డకి?"

"బంధువులం" అన్నాను. అక్కడ కూడా అబద్ధమే!

ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మరిస్తే గదమ్మా. సాయంత్రం బస్సు దిగి ఆ మూల నిలబడుకోనుండె. తోడుకోనొచ్చి సంగటి పెడితే తినలా. కొత్తోళ్ళిచ్చింది తినగూడదంట. నీళ్ళు గూడా తాగలేదు, చూడు తల్లీ, నేను నిద్రపొయ్యినానని అనుకున్నాక లేసి కుండలో ముంచుకోని తాగె. యే ఊరమ్మా అంటే కెంచార్లహళ్ళి అనె. ఇదే గదా కెంచార్లహళ్ళి, ఈ ఊర్లో నువ్వెవరి బిడ్డవీ కాదే అంటిని. బిత్తరపొయ్యి నా మొగం చూసె. అట్లాంటి ఊరొకటి నిజంగా ఉండాదని దానికి తెలీదనుకుంటా."

ఆమె చెబుతూనే ఉంది.

"వాళ్ళ నాయన వచ్చె మరుదినం. బెంగళూరు బస్సెక్కిందంట అనంగానే పరిగెత్తిపాయె ఆయప్ప, నిలబడి మిగతాది ఇనలేదు."

"మిగతాదేంది?" అన్నాను.

"రాత్రి పక్కన పండుకోబెట్టుకోని, బుజ్జగిచ్చి అడిగితిని. 'బంగారూ, నీ నిజమైన ఊరు చెప్పు, పొద్దున్నే నేనే తోడొచ్చి ఇంటికాడ దిగబెడతా' అంటిని. చానాసేపు యోచన చేసె. చెప్పేకని నోరు గూడా తెరిసె. మళ్ళా ఏమనుకునెనో, 'మా అక్కనడిగి చెప్తా' అనె. మీ అక్క యాడుండాదంటే, బస్టాండులో స్తంభం కాడ అనె. తెల్లారి లేసి చూస్తే పక్కలో లేదు. నిన్నడిగొచ్చేకే పొయ్యింటాది తల్లీ."

నేనే ఆ అక్కనని ఆమెకు ఎప్పుడు తెలిసిందో నేను గమనించలేదు.

నన్ను అడగడానికే పోయింది. చెప్పచ్చునా చెప్పకూడదా అని ఒక్క మాట. ఆ మధ్యాహ్నం అది బస్టాండులో దిగి ఆ స్తంభం వెతుక్కునే వేళకి నేను అక్కడ లేను. నేను బాగేపల్లి బస్సులో కిటికీ పక్కన, అవ్వ చెయ్యి పట్టుకుని, క్షేమంగా ఇంటికి పోతున్నాను.